కాన్పుకు లాక్‌డౌన్ ఉండదు: కోవిడ్ కాలం, కృష్ణా డెల్టా దళిత తల్లులు

కోవిడ్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఎన్ని కేసులు, ఎన్ని మరణాలు, ఎన్ని పడకలు అని లెక్కలు చెప్పుకుంటాం. వైరస్ సోకకుండానే ఆ కాలం దెబ్బ తిన్నవాళ్ళ లెక్క మాత్రం ఏ బులెటిన్‌లోనూ రాలేదు. అలా దెబ్బ తిన్నవాళ్ళలో గర్భిణులు, బాలింతలు ముందు వరుసలో ఉన్నారు. పెళ్ళి వాయిదా వేసుకోవచ్చు, పరీక్షలు వాయిదా వేసుకోవచ్చు. నెలలు నిండిన కడుపుకు వాయిదా ఉండదు.

ఈ వ్యాసంలో మేము పెడన కేంద్రంగా, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ దాకా ఉన్న దిగువ కృష్ణా డెల్టాను దృష్టిలో పెట్టుకుని, మహమ్మారి కాలంలో తల్లుల ఆరోగ్య హక్కు ఎక్కడెక్కడ తెగిపోతుందో వివరిస్తున్నాం. కార్యకర్తలకు, విద్యార్థులకు పనికొచ్చేలా తేదీలు, చట్టాలు, అడగాల్సిన ప్రశ్నలు ఒకచోట పెడుతున్నాం. మేము చెప్పదలచుకున్నది ఒకటే. మన రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పు దాదాపు అందరికీ అందింది. ఇక అడగాల్సింది ఆమె ఆసుపత్రికి వెళ్ళిందా లేదా అని కాదు. ఏ గంటకు చేరింది, ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగింది, ఎంత అప్పుతో ఇంటికొచ్చింది అని అడగాలి.

సగటు అంకె చెప్పనిది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మన రాష్ట్రంలో ఈ సర్వే 2019 రెండో సగంలో జరిగింది, అంటే కోవిడ్‌కు ముందు పరిస్థితి ఇది. నమూనా నమోదు వ్యవస్థ 2018-20 లెక్కల్లో ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఈ రెండూ మంచి అంకెలే. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బంది ఏళ్ళ తరబడి పడ్డ కష్టం ఇందులో ఉంది.

అదే సర్వేలో మరికొన్ని అంకెలున్నాయి. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పుల్లో 42.4 శాతం ఆపరేషన్ కాన్పులు. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇది 63 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాదాపు 27 శాతం. అంటే సగానికి పైగా ఆడవాళ్ళు రక్తం తక్కువతోనే బతుకుతున్నారు, పది మందిలో నలుగురు కత్తి కింద కంటున్నారు. ఇలాంటి చోట బండి ఒక గంట ఆలస్యమైనా, ఒక సీసా రక్తం దొరకకపోయినా ప్రాణం మీదికి వస్తుంది.

తల్లుల మరణాల రేటును నమూనా నమోదు వ్యవస్థ రాష్ట్రాల వారీగా ప్రకటిస్తుంది, కులాల వారీగా ప్రకటించదు. ఆ 45లో దళిత తల్లుల వాటా ఎంతో ఆ బులెటిన్ చదివి ఎవరూ చెప్పలేరు. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో తెచ్చిన నివేదిక మన దేశంలో చనిపోయిన స్త్రీల సగటు వయసును పోల్చి చూపింది. దళిత స్త్రీలకు అది 39.5 ఏళ్ళు, పై కులాల స్త్రీలకు 54.1 ఏళ్ళు. ఇది ఆయుర్దాయం లెక్క కాదు, చనిపోయినవారి సగటు వయసు. రెండూ ఒకటే అన్నట్టు వాడితే ఎదుటివాళ్ళు తేలిగ్గా కొట్టిపారేస్తారు. అయినా ఆ తేడా పద్నాలుగేళ్ళు దాటింది. తల్లి కావాల్సిన వయసులోనే మన ఆడవాళ్ళు పోతున్నారని అర్థమవుతూనే ఉంది.

పెడన నుంచి చూస్తే

పెడన అనగానే కలంకారీ అద్దకం, చేనేత గుర్తొస్తాయి. గుడ్డను కరక్కాయ నీళ్ళలో నానబెట్టడం, అచ్చులతో అద్దడం, రాగి గంగాళాల్లో ఉడకబెట్టడం, పారే నీళ్ళలో ఉతకడం, ఆరబెట్టడం ఇవన్నీ రోజు కూలికో, పీసు లెక్కకో సాగే పనులు. మగ్గం ఇంట్లో ఉంటే కండెలు చుట్టే పని ఆడవాళ్ళదే. ఊరు దాటితే వరి నాట్లు, కలుపు, కోతలు. సముద్రం వైపు బంటుమిల్లి, కృత్తివెన్ను దాకా చేపల, రొయ్యల చెరువుల పనులు. దళితవాడల ఆడవాళ్ళకు ఈ పనుల్లో చాలావాటికి సెలవు లేదు, పీఎఫ్ లేదు, ప్రసూతి సెలవన్న మాటే లేదు.

పెడన నుంచి మచిలీపట్నం సుమారు పది కిలోమీటర్లు. ఆనాటికి జిల్లా ఆసుపత్రి అక్కడే ఉంది. కేసు క్లిష్టమైతే విజయవాడ, అంటే మచిలీపట్నం నుంచి మరో 70 కిలోమీటర్లు. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది 2023 సెప్టెంబరు 15న. కోవిడ్ కాలంలో అది లేదు. దివిసీమలో అవనిగడ్డ నుంచి మచిలీపట్నానికి ముప్పై కిలోమీటర్ల పైమాటే. నాగాయలంక దగ్గర కృష్ణ పాయకు అవతలున్న ఎదురుమొండి దీవులకు కోవిడ్ నాటికి వంతెన లేదు. నొప్పులు మొదలైతే ముందు పంటు మీదో పడవ మీదో ఏరు దాటాలి, ఆ తర్వాతే రోడ్డు, బండి, ఆసుపత్రి.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ప్యాసింజర్ రైళ్ళు ఆగాయి. ఆర్టీసీ బస్సులు ఆగిపోయి మళ్ళీ మే 21న రోడ్డెక్కాయి. మే మొదట్లో కేంద్రం ప్రకటించిన జాబితాలో అప్పటి ఉమ్మడి కృష్ణా జిల్లా రెడ్ జోన్. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిని రాష్ట్ర స్థాయి కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. డెల్టా అంతటికీ ఆఖరి దిక్కుగా ఉన్న ఆసుపత్రి మహమ్మారికి కేటాయింపు అయితే కింది నుంచి రాసి పంపే ప్రతి క్లిష్ట కాన్పుకూ దారి మారుతుంది. ఎక్కడికి వెళ్ళాలో వాడకు ముందే తెలియజేయకపోతే ఆ వెతుకులాట నొప్పుల మధ్యే జరుగుతుంది.

మూడు ఆలస్యాలు

తల్లుల మరణాలను అర్థం చేసుకోవడానికి సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ 1994లో ఒక పద్ధతి చెప్పారు. మొదటిది ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం. రెండోది చేరడంలో ఆలస్యం. మూడోది చేరాక సరైన వైద్యం అందడంలో ఆలస్యం. ప్రపంచమంతా ఆరోగ్య కార్యకర్తలు వాడే పద్ధతి ఇది. మన ప్రాంతానికి అన్వయిస్తే కులం, కూలి, దూరం ఈ మూడింటిలోనూ ఎలా కలిసి ఉన్నాయో కనిపిస్తుంది.

మొదటి ఆలస్యం: ఇంటి దగ్గర

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం మన ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తీసుకెళ్తారు. లాక్‌డౌన్‌లో మండలం దాటడమే కష్టమైంది. అత్తింట ఉండిపోయిన అమ్మాయికి పుట్టింటి తోడు లేదు. ముందే పుట్టింటికి వెళ్ళిన అమ్మాయికి మరో చిక్కు. పేరు నమోదైంది ఒక ఊరి ఏఎన్ఎం దగ్గర, మనిషి ఉన్నది ఇంకో ఊళ్ళో. రేషన్ కార్డు, ఆధార్ చిరునామా, బ్యాంకు ఖాతా ఒక్కోటి ఒక్కోచోట. వలస కూలికి వెళ్ళి తిరిగొచ్చిన కుటుంబాలకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ.

గర్భిణికి కనీసం నాలుగు సార్లు పరీక్షలు జరగాలి. బీపీ చూడాలి, రక్తం, మూత్రం పరీక్షించాలి, బరువు తూచాలి, ఐరన్ మాత్రలు ఇవ్వాలి. ప్రతి నెలా 9న డాక్టరు చేత పరీక్ష చేయించే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ కార్యక్రమం 2016 నుంచి ఉంది. ఇవన్నీ నలుగురూ ఒకచోటికి వచ్చి చేయించుకునేవి కాబట్టి లాక్‌డౌన్‌లో మొదట దెబ్బతిన్నవీ ఇవే. బీపీ పెరిగి గుర్రపువాతం వచ్చే ముందు కాళ్ళ వాపు, తలనొప్పి, కళ్ళు మసకబారడం కనిపిస్తాయి. ఆ గుర్తులు చూసి చెప్పే మనిషి రాకపోతే ఇంట్లోవాళ్ళు నీరసం అనుకుంటారు. ఆసుపత్రికి వెళ్తే కరోనా అంటుకుంటుందన్న భయం, పాజిటివ్ వస్తే మనిషిని ఎక్కడికో తీసుకెళ్ళిపోతారన్న భయం కూడా తోడయ్యాయి.

రెండో ఆలస్యం: దారిలో

ఉమ్మడి రాష్ట్రంలో 108 సేవ మొదలైంది 2005 ఆగస్టు 15న. లాక్‌డౌన్ మొదలైన మూడు నెలల తర్వాత, 2020 జూలై 1న, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 1,088 కొత్త 108, 104 వాహనాలకు అప్పటి ముఖ్యమంత్రి జెండా ఊపారు. అది అవసరమైన పనే. అయితే మార్చి నుంచి జూన్ దాకా నిండు గర్భిణులకు ఆ బండ్లు లేవు. ఉన్న బండ్ల మీద కోవిడ్ రోగుల భారం పడింది.

మామూలు రోజుల్లో బండి ఆలస్యమైతే ఆటో పిలుస్తాం. లాక్‌డౌన్‌లో ఆటో తిరిగితే కేసు. సొంత కారున్న ఇల్లు ఫోన్‌లో పాసు తీసుకుని బయల్దేరుతుంది. వాడలో ఉన్న ఇల్లు 108కి ఫోన్ చేసి రోడ్డు మీదికి నడిచొచ్చి నిలబడుతుంది. నిబంధన అందరికీ ఒకటే, దాని బరువు మాత్రం అందరి మీదా ఒకేలా పడలేదు.

మన తీరంలో దీనికి జవాబు ముందే ఉంది. తుఫాను హెచ్చరిక వస్తే కాన్పు తేదీ దగ్గరపడిన గర్భిణుల జాబితా తీసి, వాళ్ళను ముందుగానే ఆసుపత్రులకు తరలించే పద్ధతి ఆంధ్ర తీర జిల్లాల్లో ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకు ఈ ముందుచూపు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. ప్రతి ఏఎన్ఎం దగ్గరా కాన్పు తేదీల జాబితా ఉంటుంది. తుఫానుకు ఆ జాబితా తీసే యంత్రాంగం మహమ్మారికి కూడా తీయగలదు. లాక్‌డౌన్ ప్రకటించే రోజునే ఏ గర్భిణికి ఏ బండి, ఏ ఆసుపత్రి, అది నిండితే రెండో ఆసుపత్రి ఏది అని రాసి చేతికివ్వాలి. ఇది ఖర్చుతో కూడిన కోరిక కూడా కాదు.

మూడో ఆలస్యం: ఆసుపత్రి గుమ్మం దగ్గర

కోవిడ్ కాలంలో అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టింది ఇదే. 2020 ఏప్రిల్ చివర్లో తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాకు చెందిన ఒక యువతిని పురిటి నొప్పులతో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిప్పారు. గద్వాల, మహబూబ్‌నగర్ దాటి హైదరాబాద్ చేరాల్సి వచ్చింది. ఆమె వచ్చింది కరోనా కేసులున్న ప్రాంతం నుంచి కావడంతో ఆ అనుమానం ప్రతి గుమ్మం దగ్గరా అడ్డుపడింది. చివరికి బిడ్డ దక్కలేదు, తల్లీ దక్కలేదు. తెలంగాణ హైకోర్టు ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది. అదే ఏడాది జూన్‌లో ఢిల్లీ పక్కన నోయిడా ప్రాంతంలో ఎనిమిది నెలల గర్భిణిని అంబులెన్సులో గంటల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిప్పి, ఎవరూ చేర్చుకోక ఆమె చనిపోయింది. పెద్ద నగరం పక్కనే ఇలా జరిగితే, దగ్గర్లో ఒకే ఒక పెద్ద ఆసుపత్రి ఉన్న డెల్టా పల్లెకు ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు.

నిబంధనలు లేక ఇలా జరగలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2020 ఏప్రిల్ 20న గర్భిణుల పరీక్షలపై స్పష్టంగా చెప్పింది. కంటైన్‌మెంట్ ప్రాంతాల్లో ఉండి, ఐదు రోజుల్లో కాన్పు అయ్యే గర్భిణికి లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయాలి. ఆమె కాన్పు కావాల్సిన ఆసుపత్రిలోనే నమూనా తీసుకునే ఏర్పాటు ఉండాలి. పరీక్ష సదుపాయం లేదన్న కారణంతో వేరే చోటికి పంపకూడదు. మే 18న ఇచ్చిన సవరించిన నిబంధనల్లో, పరీక్ష జరగలేదని కాన్పుతో సహా ఏ అత్యవసర చికిత్సా ఆపకూడదని రాసింది. మే 24న కేంద్ర ఆరోగ్య శాఖ తల్లీబిడ్డల సేవలు కొనసాగించడంపై ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం వచ్చింది. అది లేబర్ రూము గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి చేతికి చేరిందా అన్నది వేరే ప్రశ్న.

ఇక్కడ కులం గురించి సూటిగా మాట్లాడుకోవాలి. మంత్రసానుల కాలంలో ఊరందరి బిడ్డలకూ బొడ్డు కోసింది చాలా ఊళ్ళలో దళిత, చాకలి కులాల ఆడవాళ్ళే. పురుడు మైల అని ఆ పని వాళ్ళకు అప్పగించారు. కాన్పు ఆసుపత్రికి మారాక ఆ నైపుణ్యానికి విలువ పోయింది, మైల చూపు మాత్రం మిగిలింది. కోవిడ్‌లో దూరం పాటించమన్నది వైద్య సూచన. దాన్ని ఎవరి మీద ఎక్కువ కఠినంగా అమలు చేశారు, ఏ వాడ నుంచి వచ్చావని ముందుగా ఎవర్ని అడిగారు అన్నది సామాజిక ప్రశ్న. ఆ తేడాను రుజువు చేయాలంటే రికార్డు కావాలి. నిరాకరణను కాగితం మీద పెట్టరు కాబట్టే మన పని కష్టమవుతోంది.

రెండో అల, టీకా

2021 ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన రెండో అల గర్భిణుల మీద ఇంకా గట్టిగా పడింది. భారత వైద్య పరిశోధన మండలి 1,530 మంది గర్భిణుల, బాలింతల వివరాలను రెండు అలల మధ్య పోల్చింది. లక్షణాలు కనిపించిన వారు మొదటి అలలో 14.2 శాతం, రెండో అలలో 28.7 శాతం. సోకినవారిలో మరణాలు 0.7 శాతం నుంచి 5.7 శాతానికి పెరిగాయి. అప్పటికి గర్భిణులకు టీకా లేదు. బాలింతలకు 2021 మే 19న, గర్భిణులకు జూలై 2న అనుమతి వచ్చింది. అంటే అల ఎగిసిన రోజుల్లో వాళ్ళకు టీకా అనుమతే లేదు. మన రాష్ట్రంలో మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. పొద్దున్నే కూలికి వెళ్ళే తల్లికి పరీక్ష చేయించుకునే సమయమూ, కూలి దొరికే సమయమూ ఆ ఆరు గంటల్లోనే.

కూలి, తిండి, డబ్బు

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే గర్భిణులకు కోవిడ్ కాలంలో ఆఫీసుకు రానక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు. న్యాయమైన పని. అదే మినహాయింపు నాట్లేసే ఆమెకు, అద్దకం షెడ్డులో గుడ్డ ఉతికే ఆమెకు, ఆసుపత్రి ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి ఎవరు ఇవ్వాలి? కోవిడ్ నాటికి ప్రసూతి ప్రయోజనాల చట్టం, 1961 కింద 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉండేది. యజమాని, మస్టరు, జీతం స్లిప్పు ఉన్నవాళ్ళకే ఆ సెలవు చేతికొచ్చేది.

మిగిలినవాళ్ళకు ఉన్నది ఆహార భద్రత చట్టం. 2013 నాటి ఈ చట్టంలో నాలుగో సెక్షన్ ప్రతి గర్భిణికీ, బాలింతకూ 6,000 రూపాయలకు తక్కువ కాకుండా ప్రసూతి ప్రయోజనం ఇవ్వాలంటుంది. దాని అమలుకని 2017 జనవరి 1 నుంచి తెచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన కోవిడ్ నాటికి మొదటి కాన్పుకే, అదీ 5,000 రూపాయలు, మూడు విడతలుగా ఇచ్చేది. గర్భం నమోదు, ఆరు నెలలు దాటాక పరీక్ష, బిడ్డ పుట్టిన నమోదు, మొదటి టీకాలు అని ఒక్కో విడతకు ఒక్కో షరతు. లాక్‌డౌన్‌లో పరీక్షలు ఆగితే షరతు తప్పుతుంది, షరతు తప్పితే డబ్బు ఆగుతుంది. సేవను ఆపింది ప్రభుత్వం, శిక్ష పడింది తల్లికి. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 ఇచ్చే మార్పు 2022 తర్వాతే వచ్చింది.

తిండి విషయంలో రాష్ట్రం 2020 సెప్టెంబరు 7న సంపూర్ణ పోషణ పథకం ప్రారంభించింది. అంగన్‌వాడీలో వండి పెట్టే భోజనం స్థానంలో కోవిడ్ రోజుల్లో సరుకులు ఇంటికి పంపారు. ఇంటికొచ్చిన గుడ్లు, పాలు ఇంట్లో అందరివీ అవుతాయి. పని లేని ఇంట్లో పిల్లలకు పెట్టకుండా ఏ తల్లీ తాను తినదు. అందుకే రక్తహీనత లెక్క ఇంటింటికీ సరుకు పంపినంత మాత్రాన తగ్గదు, ఇంట్లో కూలి డబ్బులు కూడా ఉండాలి.

ప్రసూతి భారం సమాజానిది, ఒక్క తల్లిది కాదన్న మాట మన ఉద్యమానికి కొత్త కాదు. 1928 జూలై 28న బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లుపై మాట్లాడుతూ బాబాసాహెబ్ అంబేడ్కర్ దాన్ని బలపరిచారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ ఖర్చును ప్రభుత్వం మోయాలని వాదించారు. ఆ తర్వాతి ఏడాదే బొంబాయిలో చట్టం వచ్చింది. రాజ్యాంగం 42వ అధికరణంలో మానవీయమైన పని పరిస్థితులతో పాటు ప్రసూతి సహాయాన్ని రాజ్య బాధ్యతగా చేర్చారు.

కాన్పు ఒక్కటే ఆడవాళ్ళ ఆరోగ్యం కాదు

మన రాష్ట్రంలో పెళ్ళైన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆధారపడే కుటుంబ నియంత్రణ పద్ధతి ట్యూబెక్టమీ ఆపరేషనే. తాత్కాలిక పద్ధతులు వాడేవాళ్ళు చాలా తక్కువ. ఏళ్ళ తరబడి ఆపరేషన్ ఒక్కటే చూపించిన వ్యవస్థ, లాక్‌డౌన్‌లో ఆ ఆపరేషన్ ఆపేస్తే ఆడవాళ్ళ చేతిలో ఇంకేం మిగలదు. ఇక గర్భం వద్దనుకున్న స్త్రీకి గడువు వారాల లెక్క. గర్భస్రావ చట్టానికి 2021లో సవరణ వచ్చి, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల దాకా గడువు పెరిగింది. 2020లో బస్సులు లేని రెండు నెలలు ఎందరికి ఆ గడువు దాటించాయో చెప్పే లెక్క లేదు.

ఇంకో అంకె చూడాలి. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, దేశంలోనే ఎక్కువ. తెల్లబట్ట, నడుము నొప్పి, ఎక్కువ రక్తస్రావం లాంటి వాటికి మొదట్లోనే వైద్యం దొరకక, చివరికి కూలి పోతుందన్న భయంతో ఆపరేషన్‌కు ఒప్పుకోవడం ఇందులో ఒక దారి. సబ్‌సెంటర్ మూతపడ్డ ప్రతి నెలా ఆ దారికి మరికొందరిని తోస్తుంది.

ఈ సేవలన్నీ మోసింది ఎవరు? ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, పారిశుధ్య కార్మికులు. వాళ్ళలో చాలామంది మన వాడల ఆడవాళ్ళే. ఇంటింటి కోవిడ్ సర్వే వాళ్ళే చేశారు, గర్భిణుల్ని వాళ్ళే చూశారు. కేంద్రం కోవిడ్ పనికి ఆశాలకు నెలకు 1,000 రూపాయలు అదనంగా ప్రకటించింది. చప్పట్లు కొట్టి గౌరవించిన ప్రభుత్వాలు వాళ్ళను ఉద్యోగులుగా గుర్తించలేదు. వాళ్ళలో గర్భిణిగా ఉన్నవాళ్ళకు ఏ రక్షణ ఉందో కూడా అడగాల్సిన ప్రశ్నే.

చేతిలో ఉన్న హక్కులు

ప్రతి కార్యకర్తా గుర్తుంచుకోవాల్సినవి ఇవి.

జననీ శిశు సురక్షా కార్యక్రమం, 2011 జూన్ 1 నుంచి. ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పైనా ఆపరేషన్ కాన్పైనా ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు భోజనం. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి, తిరిగి ఇంటికి బండి ఉచితం. రిఫర్ చేసి ఆటో చూసుకోమంటే అది ఈ హామీని ఉల్లంఘించడమే.

జననీ సురక్షా యోజన, 2005 నుంచి. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ, పేద తల్లులకు ఆసుపత్రి కాన్పుకు నగదు సాయం, పల్లెల్లో 700, పట్టణాల్లో 600 రూపాయలు.

రాజ్యాంగం 21వ అధికరణం. అత్యవసర వైద్యం నిరాకరించడం జీవించే హక్కును కాలరాయడమేనని పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. ప్రసూతి వైద్యం జీవించే హక్కులో భాగమేనని, పథకం ఉన్నా అందకపోతే పరిహారం ఇవ్వాల్సిందేనని లక్ష్మీ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2010 జూన్ 4న తీర్పిచ్చింది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, ఎస్సీ, ఎస్టీలను ఆసుపత్రి, డిస్పెన్సరీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి ప్రవేశించకుండా అడ్డుకోవడం సెక్షన్ 3(1)(జెడ్ఏ) కింద నేరం. అడ్డుకున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ కాకూడదు. పడకలు నిండాయని వెనక్కి పంపడం, కులం చూసి ఆపడం రెండూ ఒకటి కాదని పోలీసులు వాదిస్తారు. అందుకే ఆ రోజు అదే ఆసుపత్రి ఎవరిని చేర్చుకుందో చూపించే రికార్డు కావాలి.

ప్రైవేటు ఆసుపత్రులకు మన రాష్ట్రంలో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్, నియంత్రణ చట్టం ఉంది. రోగిని నిరాకరించినా, బిల్లు పెంచినా జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

వాడలో చేయగల పని

తల్లి చేతిలో ఉండే మాతా శిశు సంరక్షణ కార్డు మన మొదటి సాక్ష్యం. అందులో తేదీలు, బీపీ, రక్తం శాతం రాశారో లేదో ప్రతి నెలా చూడండి. ఖాళీగా ఉన్న గడి కూడా సాక్ష్యమే.

108కి చేసిన ఫోన్ సమయం, బండి వచ్చిన సమయం, ఆసుపత్రి చేరిన సమయం రాసి పెట్టుకోండి. ఏ ఆసుపత్రి చేర్చుకోకపోయినా రిఫరల్ చీటీ అడగండి. ఇవ్వకపోతే సమయం, అక్కడున్న సిబ్బంది హోదా, చూసినవాళ్ళ పేర్లు అదే రోజు కాగితం మీద పెట్టండి.

సమాచార హక్కు చట్టం కింద 108 రికార్డులు, లేబర్ రూము రిజిస్టరు వివరాలు, రిఫరల్ లెక్కలు అడగవచ్చు. ఒక వ్యక్తి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. బాధితురాలి పేరు, ఆరోగ్య వివరాలు ఆమె లేదా ఆమె కుటుంబం అనుమతి లేకుండా బయటపెట్టకండి. సోషల్ మీడియాలో ఫొటో పెట్టడం న్యాయానికి దారి కాదు.

తల్లి చనిపోతే ఆ మరణంపై సమీక్ష జరగాలి. తల్లుల మరణాల సమీక్ష 2010 నుంచి ఉంది, 2017లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ఊళ్ళో ఒకటి, ఆసుపత్రిలో ఒకటి, ఆ తర్వాత జిల్లా స్థాయిలో సమీక్ష ఉంటాయి. కలెక్టరు సమీక్షకు కుటుంబ సభ్యులను పిలిచి వాళ్ళు చెప్పేది వినాలి. కూలికి పోయే కుటుంబానికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. వాళ్ళతో పాటు వెళ్ళి కూర్చోవడం మన బాధ్యత.

విద్యార్థులకు ఒక పని సూచిస్తున్నాం. మీ ఊరి వాడలో 2020 మార్చి నుంచి 2021 ఆగస్టు మధ్య జరిగిన ప్రతి కాన్పుకూ ఒక పేజీ కేటాయించండి. ఎన్నోసారి గర్భం, ఎన్ని పరీక్షలు జరిగాయి, ఏ బండిలో వెళ్ళారు, ఎన్ని ఆసుపత్రులు తిరిగారు, ఎంత ఖర్చైంది, ఆ డబ్బు ఎక్కడిది అని అడిగి రాయండి. ఆ తల్లులు మన మధ్యే ఉన్నారు, పిల్లలు బడికి వెళ్తున్నారు. ఇంకొన్నేళ్ళు పోతే తేదీలు మసకబారతాయి.

చివరిగా ప్రభుత్వం ముందు పెట్టాల్సిన కోరికలు మూడు. తల్లుల మరణాల లెక్కలను కులాల వారీగా, జిల్లాల వారీగా ప్రకటించాలి. తుఫానుకు ఉన్నట్టే మహమ్మారికీ గర్భిణుల తరలింపు ప్రణాళిక ప్రతి మండలంలో రాసి పెట్టాలి, ఎదురుమొండి లాంటి దీవులకు కాన్పు కోసం విడిగా పడవ ఏర్పాటు అందులో ఉండాలి. ఆహార భద్రత చట్టం చెప్పినట్టు ప్రతి కాన్పుకూ, షరతులు లేకుండా, ప్రసూతి సాయం ఇవ్వాలి. వీటిలో ఏదీ కొత్త హక్కు కాదు. చట్టంలోనో, ప్రభుత్వ మార్గదర్శకాల్లోనో, మన తీరం అలవాటులోనో ఇప్పటికే ఉన్నవాటినే వాడ దాకా తీసుకురమ్మని అడుగుతున్నాం. తర్వాతి మహమ్మారి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఈ నెలలో పెడన మండలంలో ఎవరెవరికి కాన్పు తేదీ ఉందో మాత్రం ఏఎన్ఎం రిజిస్టరులో రాసే ఉంది.